ఉ

కాబేజీ సగం తరిగి ఉప్పు చల్లాను.
మూడో అంతస్తు నుంచి నర్సు దిగి వచ్చి
"మాషా, మీ వాడొకడు పడ్డాడు, మాట అర్థం కావడం లేదు, రా" అంది.
నా పేరు ముకద్దాస్.
చెల్యాబిన్స్క్‌లో పదకొండేళ్ళుగా మాషాని.
చేతులు తుడుచుకుంటూనే మెట్లెక్కాను.

పరంజా మీంచి జారిన మనిషి.
జేబులో కాగితం ప్రకారం ఒరిఫ్‌జోన్, ఊరు రిష్తాన్.
గోళ్ళ కింద సిమెంటు.
ఊళ్ళోనే ఉండిపోతే అక్కడ కుండల మట్టి ఉండేది.
కళ్ళు మూసుకునే అడుగుతున్నాడు:
ఉ కెల్దిమి? ఉ కెల్దిమి?

"ఏమిటంట?" డాక్టర్ రొగోజిన్ పెన్ను తీశాడు.
రావడం అయిందా అని.
"ఎవరు రావడం? మగా, ఆడా?"
తెలీదు.
"అతను చెప్పాడుగా!"
చెప్పలేదు డాక్టర్. మా మాటలో చెప్పక్కర్లేదు.

ఉ అంటే అతను. ఉ అంటే ఆమె.
ఉ అంటే కట్టేసిన గొర్రె, రావలసిన జీతం, ఆగిపోయిన వాన.
కథ వింటూ ఊ కొట్టినంత చిన్న మాట,
లోపల ఎవరున్నారో తలుపు తీసి చూపించదు.

మీ క్రియ అలా కాదు,
బూట్లు తొడుక్కోనిదే గడప దాటదు.
ప్రిషోల్ అంటే మగవాడు, కాలినడకన.
ప్రిష్లా అంటే ఆడమనిషి, కాలినడకనే.
బండెక్కి వస్తే మళ్ళీ వేరే జత.
వచ్చిన కొత్తలో ఈ ఆరాలకే నాకు జ్వరం తగిలేది.
ఉప్పుకి కూడా ఆడో మగో తేల్చాలి.
(ఆడదే. మిరియం మగాడు.
రోజూ వాళ్ళ పెళ్ళి చేసేది నేనే.)

పగిలిన ఫోనులో రెండే నంబర్లు, మళ్ళీ మళ్ళీ.
ఒకటి జుమ్రత్. రెండోదానికి ఇంటిపేరు కలిసింది.
"అయితే బ్రాత్" అని రాసుకున్నాడాయన.
అన్నా, తమ్ముడా? అన్నాను.
ఈసారి తెల్లబోవడం ఆయన వంతు.
"తేడా ఏముంది?"
అక అంటే లేచి నిలబడాలి,
ఉక అంటే నెత్తిన మొట్టికాయ వెయ్యొచ్చు.
ఇద్దరికీ ఒకే మాట ఉన్న ఇంట్లో
మొదటి గిన్నె ఎవరికి వడ్డిస్తారు?

తమ్ముడో అన్నో, ఫోను కట్టేసి ఉంది.
జుమ్రత్‌ది మోగింది. ఎవరో ఎత్తారు.
గాలి, రైలు చప్పుడు, అంతే.

తెల్లారగట్ల రొగోజిన్ కుర్చీలో కునుకుతుంటే
మంచం మీంచి మళ్ళీ: ఉ కెల్దిమి?

అప్పుడు పట్టుకుంది నా భాష నా కాలరు.
దానికి మగా ఆడా అక్కర్లేదు గానీ
నువ్వు కళ్ళారా చూశావా అని నిలదీస్తుంది.
చూస్తే కెల్ది.
చూడకపోతే కెలిబ్ది, ఎవరో అంటే విన్నానని,
చివర మన 'అట' లాగా.
రష్యన్‌లో అయితే అబద్ధం తల ఎత్తుకుని నడిచిపోతుంది,
వెనకనుంచి ఏ 'అటా' తోక పట్టుకోదు.

తోక నేనే కోసేశాను.
కెల్ది, అన్నాను, చూసినదానిలా.
నుదుటి మీద ముడి వదులైంది. ఊపిరి దారిలో పడింది.

"ఏం చెప్పావు?" కుర్చీలోంచి.
వచ్చారని.
"ఎవరు? ప్రిషోలా, ప్రిష్లానా?"
మీ దగ్గర మూడోది కూడా ఉందిగా డాక్టర్,
ప్రిష్లో, అన్నాను.
ఉత్రో, తెల్లవారడం,
మీ లెక్కలో అటూ ఇటూ కానిది.
కిటికీలో పొగగొట్టాల వెనక
తొమ్మిది గంటల బూడిద వెలుతురు.
ఆయన నవ్వలేదు. కాగితం మీద ఏం రాశాడో
నేను చూడలేదు.

కింద కాబేజీ నీళ్ళూరి మెత్తబడింది.
మిగతా సగం ముందు పెట్టుకున్నాను.
మెట్ల దగ్గర ఎవరో
బూట్ల మంచు దులుపుతున్న చప్పుడు.
మగ బూట్లో, ఆడ బూట్లో,
కత్తి ఆపి విన్నాను.